అల్పారంభము: ఒక సంగీత బృందపు చరిత్ర



మామిడి అంటు నాటిన రైతును చూడుడి. మొదటి ఏట, రెండవ ఏట ఆ చిన్న చెట్టునకు పూత వచ్చినప్పుడు అతడు దానిని తన చేతితోనే త్రుంచివేయును. ఆ రెండు మూడు కాయలతో తన యిల్లు నిండదని అతనికి తెలియును. వేరు బలపడవలెనని అతని కోరిక. మొదటి కాపు కొంచెమైనదని చెట్టును నరికివేయు రైతు ఎక్కడను లేడు. అయితే అదే రైతు ఆదివారము సంఘములో కూర్చుండి, ఒక పిల్లవాడు మొదటిసారి నిలువబడి పాడి శ్రుతి తప్పినప్పుడు, “వీనికి పాట రాదు” అని ఒక్క మాటతో తేల్చివేయును. చెట్టు విషయములో ఉన్న ఓర్పు బిడ్డ విషయములో మనకు ఏల లేకపోయెను?

ఈ ప్రశ్నను మనస్సులో ఉంచుకొని, దూరదేశములో జరిగిన ఒక చరిత్రను చదువుడి. ఇది అమెరికా దేశమునకు చెందిన అండర్‌ఓత్ అను సంగీత బృందపు చరిత్ర. ముఖ్యముగా 1999లో వెలువడి, ఎవరి దృష్టిని అంతగా ఆకర్షింపని వారి మొదటి రికార్డు చరిత్ర. వారి సంగీతము మీలో పెద్దలకు బొత్తిగా రుచింపదు. రుచింపవలెనని నేను కోరను. విషయము రుచిని గూర్చినది కాదు.

మొదట ఆ సంగీతమేమో చెప్పవలెను. 1970లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ అను ఫ్యాక్టరీల పట్టణమునుండి బ్లాక్ సబ్బత్ అను బృందము తన మొదటి రికార్డును వెలువరించెను. హెవీ మెటల్ అను బరువైన సంగీతమునకు అది మొదలని అనేకులు చెప్పుదురు. ఆ దశాబ్దపు చివర అమెరికా పట్టణములలో హార్డ్‌కోర్ అను మరియొక సంగీతము పుట్టెను. దాని పాటలు చిన్నవి, వేగము మిక్కుటము. దానిని వాయించినవారు కుఱ్ఱవాండ్రు, విన్నవారును కుఱ్ఱవాండ్రే. ఈ రెండు పాయలు కలిసి, 1990వ దశకమునకు మెటల్‌కోర్ అను ప్రవాహమాయెను.

దీనికి ఒక గుర్తు కలదు. పాట పరుగెత్తి పరుగెత్తి ఒక్కసారిగా నడక తగ్గించును. అప్పుడు గిటార్లును డ్రమ్ములును ఏకమై రోటిలో రోకటిపోటు పడినట్లు పడును. దానిని బ్రేక్‌డౌన్ అందురు. గాయకుడు రాగము తీయుట తక్కువ, కేక వేయుట ఎక్కువ. వినువారు చేతులు కట్టుకొని కూర్చుండరు. వేదికయొద్దకు త్రోసికొని వచ్చి తామును అతనితోపాటు కేకలు వేయుదురు.

ఇట్టిది ఈ పత్రికలో ఏల అని మీరు అడుగుదురు. ఆ కుఱ్ఱవాండ్రలో అనేకులు సంఘములో పెరిగిన బిడ్డలగుటయే కారణము. తమకు తెలిసిన విశ్వాసమును తమ తరమునకు తెలిసిన ధ్వనిలో పలుకవలెనని వారు తలంచిరి. 1993లో టూత్ అండ్ నెయిల్ అను రికార్డు కంపెనీ అట్టి బృందముల కొరకు ఏర్పడెను. 1997లో దానిలోనుండి సాలిడ్ స్టేట్ అను శాఖ ప్రత్యేకముగా ఈ బరువైన సంగీతము కొరకు వెలసెను. లివింగ్ శాక్రిఫైస్, జావో అనునవి ఆ త్రోవలో ముందు నడిచిన బృందములు. 1984 మొదలు 2012 వరకు ఇల్లినాయి రాష్ట్రములో కార్నర్‌స్టోన్ అను క్రైస్తవ సంగీతోత్సవము ఏటేట జరుగుచుండెను. ఈ బృందములకు అది తీర్థమువంటిది.

ఇప్పుడు మన కథ. ఫ్లోరిడా రాష్ట్రములో ఒకాలా అను ఊరు కలదు. అది గుఱ్ఱముల పెంపకమునకు పేరుపొందినది, సంగీతమునకు కాదు. 1997 సంవత్సరపు చివర ఆ ఊరిలో డాలస్ టేలర్, లూక్ మోర్టన్ అను ఇద్దరు యౌవనస్థులు ఒక బృందమును ఆరంభించిరి. దానికి అండర్‌ఓత్ అని పేరిడిరి. ప్రమాణము చేసి దానికి కట్టుబడియుండుట అని ఆ పేరునకు అర్థము. టేలర్ గాయకుడు. డ్రమ్ములు వాయించుటకు వారు చేర్చుకొనిన ఏరన్ గిలెస్పీ వయస్సు అప్పటికి 14 ఏండ్లు. మన ఊళ్లలో అయితే తొమ్మిదవ తరగతి పిల్లవాడు.

వారి పాటలను రికార్డు చేయుటకు పెద్ద కంపెనీ ఏదియు ముందుకు రాలేదు. అలబామా రాష్ట్రములో బర్మింగ్‌హామ్ అను పట్టణము కలదు. పైన చెప్పిన ఇంగ్లండు పట్టణపు పేరే దానికిని పెట్టిరి. అక్కడనున్న టేక్‌హోల్డ్ అను చిన్న సంస్థ వారిని చేరదీసెను. 1999 జూలై 4వ తేదీన ఆ సంస్థ వారి మొదటి రికార్డును వెలువరించెను. దాని పేరు “యాక్ట్ ఆఫ్ డిప్రెషన్”. కృంగిన మనస్సు చేసిన కార్యము అని చెప్పుకొనవచ్చును. ఆ దినమున డ్రమ్ములు వాయించిన బాలునికి ఇంకను 16 ఏండ్లు నిండలేదు.

ఆ రికార్డు ఎట్లుండెను? నిజము చెప్పవలెను; ప్రేమచేత కూడ అబద్ధమాడరాదు. అది గొప్ప రికార్డు కాదు. పాటలు చాల నిడివి గలవి. ఒక ముక్క ముగిసినచోట మరియొక ముక్కను అతికించినట్లు తోచును. ధ్వని మసకగానుండును, ఏ వాద్యము ఎక్కడ ఉన్నదో వినువాడు వెదకుకొనవలెను. గాయకుని కేక మొదటినుండి చివరవరకు ఇంచుమించు ఒకే ఎత్తున సాగును. పెద్దవారి చెప్పులలో కాళ్లు పెట్టి నడచు పిల్లల వలె, ముందు నడిచిన బృందముల జాడలలోనే వారు నడచిరి. డ్రమ్ములు వాయించిన ఆ బాలునికి చక్కని కంఠమును కలదు. తరువాతి కాలమున ఈ బృందమునకు పేరు తెచ్చిన కారణములలో ఆ కంఠము ముఖ్యమైనది. మొదటి రికార్డులో అది వెనుకనే ఉండిపోయెను. ఇంటిలో దీపముండియు కుంచము క్రింద ఉండెనన్నమాట.

ప్రతులు కొద్ది వేలకు మించి పోలేదు. ఈ బృందము పేరుపొందిన పిమ్మట దానిని ప్రేమించినవారు వెనుకకు తిరిగి ఈ మొదటి రికార్డును తెప్పించుకొని విని, “ఇదియేనా?” అని నిరుత్సాహపడిన మాటయు కలదు.

అయినను చదువరులారా, ఆ రికార్డులో లేని వస్తువులను లెక్కించినంత మాత్రమున లెక్క ముగియదు. ఉన్న వస్తువేమి? కృంగుదల, పాపభారము, విడుదల కొరకైన ఆశ అనువానిని గూర్చి ఆ పిల్లలు దాచకుండ కేక వేసిరి. మన సంఘములలో ఎంతమంది యౌవనస్థులు తమ కృంగుదలను గూర్చి నోరు తెరచి చెప్పగలుగుచున్నారు? చెప్పిన పిమ్మట వినువారెవరు? “ప్రార్థన చేసికొనుము, అంతయు సరియగును” అని పంపివేయుటకు మనకు అలవాటైపోయినది. బావి లోతును చూడకయే మూత వేయుట ఇది.

ఎజ్రా గ్రంథములో వ్రాయబడిన సంగతిని జ్ఞాపకము చేసికొనుడి. బబులోను చెరనుండి తిరిగివచ్చినవారు యెరూషలేములో మందిరమునకు పునాది వేసిరి. సొలొమోను కట్టించిన మొదటి మందిరమును కన్నులార చూచిన వృద్ధులు ఆ పునాదిని చూచి గట్టిగా ఏడ్చిరి. దానిని ఎరుగని యౌవనస్థులు సంతోషముతో కేకలు వేసిరి. రెండు ధ్వనులు కలిసిపోయి, ఏది ఏడ్పో ఏది సంతోషమో జనులకు తెలియలేదు. ఆ పునాది అల్పమైనది, వృద్ధులు అబద్ధమాడలేదు. అయినను దానిమీదనే మందిరము లేచెను, యౌవనస్థులును పొరబడలేదు. పిల్లల కేకను విన్నప్పుడు అది ఏడ్పో సంతోషమో తెలిసికొనుటకు మనము దూరమున నిలువక దగ్గరకు పోవలెను. ఇది నేను ఈ చరిత్రనుండి నేర్చిన మొదటి పాఠము.

టేక్‌హోల్డ్ అను ఆ చిన్న సంస్థ దగ్గరకు పోయి నిలిచెను. మొదటి రికార్డు అమ్ముడుపోలేదని వారిని వదలివేయలేదు. సరిగా ఒక సంవత్సరమునకు, 2000 జూలై 4వ తేదీన, రెండవ రికార్డును వెలువరించెను. దానిలో అయిదే పాటలు. అవియు మిక్కిలి నిడివి గలవి. అప్పుడు క్రిస్ డడ్లీ అను యువకుడు కీబోర్డుతో బృందములో చేరెను. ఆ రికార్డును లోకమును కదిలింపలేదు. అయితే చెట్టు వేరు తన్నుచుండెను. 2002లో సాలిడ్ స్టేట్ శాఖ వారిని తీసికొని “ది ఛేంజింగ్ ఆఫ్ టైమ్స్” అను మూడవ రికార్డును వెలువరించెను. దానిలో గిలెస్పీ కంఠము వెనుకనుండి ముందుకు వచ్చెను. ఒకడు కేక వేయగా మరియొకడు రాగముతో బదులు పలుకుట మొదలాయెను.

2003లో, వార్ప్‌డ్ టూర్ అను ఊరూర తిరుగు సంగీతయాత్ర నడిమధ్యలో, ఆరంభకుడైన డాలస్ టేలర్ బృందమును విడిచెను. ఇక ముగిసినదని తలంచిన వారుండిరి. ఆ స్థానములో స్పెన్సర్ ఛేంబర్లెయిన్ అను గాయకుడు వచ్చెను. 2004 జూన్‌లో వెలువడిన నాలుగవ రికార్డు “దే ఆర్ ఓన్లీ ఛేసింగ్ సేఫ్టీ” దేశమంతట వ్యాపించెను. కాలక్రమమున 5,00,000 ప్రతులకు ఇచ్చు బంగారు గుర్తింపును పొందెను. 2006 జూన్ 20న వెలువడిన “డిఫైన్ ది గ్రేట్ లైన్” మొదటి వారములోనే సుమారు 98,000 ప్రతులు పోయి, అమెరికా దేశపు బిల్‌బోర్డు పట్టికలో రెండవ స్థానమున నిలిచెను. ఏడేండ్ల క్రిందట కొద్ది వేల ప్రతులు అమ్ముడుపోవుట కష్టమైన బృందమే ఇది.

ఇక్కడ కథ ముగించి, “చూచితిరా, ఓర్చినవాడు గెలిచెను” అని చెప్పుట సులభము. అనేక ఉపదేశములు ఇట్లే ముగియును. అట్లు ముగించిన నేను మిమ్మును మోసపుచ్చినవాడనగుదును. మిగిలిన సగము కూడ వినుడి.

ఆ గొప్ప రికార్డు వెలువడిన 2006 వేసవిలోనే, సంగీతయాత్ర మధ్యలో బృందము వెనుకకు మరలెను. తమలో తమకు స్నేహము చెడుచున్నదనియు, దానిని నిలుపుకొనుటకే యాత్ర మానితిమనియు వారు తెలిపిరి. తాను మాదకద్రవ్యముల వ్యసనములో చిక్కుకొనిన సంగతిని ఛేంబర్లెయిన్ తరువాత తానే బాహాటముగా చెప్పెను. 2010లో గిలెస్పీ బృందమును విడిచెను. 14 ఏండ్ల వయస్సున ప్రవేశించినవాడు 26 ఏండ్ల వయస్సున బయటికి వచ్చెను. దానితో మొదటి రికార్డులో వాయించినవారిలో ఒక్కడును మిగులలేదు. మరుసటి సంవత్సరము, 2011లో, అతడు “యాంథెమ్ సాంగ్” అను ఆరాధన గీతముల రికార్డును వెలువరించెను. 2012లో బృందము తాము విడిపోవుచున్నామని ప్రకటించి, 2013 జనవరిలో వీడ్కోలు కచేరీలు జరిపెను. 2015లో గిలెస్పీతో కూడ తిరిగి కూడుకొనిరి. 2018 ఏప్రిల్‌లో “ఎరేజ్ మీ” అను రికార్డు వెలువడినప్పుడు, క్రైస్తవ బృందము అను పేరును తాము ఇక ధరింపమని చెప్పిరి. సభ్యులలో కొందరు తాము విశ్వాసమునుండి తొలగితిమని దాచకుండ పలికిరి. 2022లో మరియొక రికార్డును వెలువరించిరి.

ఈ మాట వినగానే, “నేను అప్పుడే అనుకొంటిని, ఆ కేకల సంగీతములో భక్తి ఎక్కడిది?” అనువారు ఉందురు. తొందరపడకుడి. కేక వారిని చెరుపలేదు. కీర్తనలు మాత్రమే పాడినవారును తొలగినారు. మన ఊళ్లలోనే అట్టివారిని మీరెరుగుదురు. నా మనస్సునకు తోచునది చెప్పెదను. మొదటి రికార్డు కాలమున ఈ పిల్లలనుండి ఎవరును ఏమియు ఆశింపలేదు. ఆ దినములలో వారికి కొరతలు ఎన్నో ఉండెను గాని, తమ కృంగుదలను కృంగుదల అని చెప్పుటకు స్వాతంత్ర్యము ఉండెను. పేరు వచ్చిన పిమ్మట వినువారు వేలకొలది అయిరి. వేదికమీద విశ్వాసమును గూర్చి పలికినవానిని జనులు త్వరలోనే బోధకునిగాను, మాదిరిగాను, పరిశుద్ధునిగాను నిలుపుదురు. ఇరువది ఏండ్ల యువకుడు అట్టి బరువును మోయగలడా? మోయలేనని చెప్పుటకైనను అతనికి చోటుండునా? కృంగుదలను గూర్చి పాడి ఆరంభించినవాడు, కృంగినప్పుడు ఆ మాట చెప్పలేని స్థితికి వచ్చుట ఎంత విచారము!

కాబట్టి మనము చేయు తప్పులు రెండు. బిడ్డ మొదటి పాట బాగుండనప్పుడు అతనిని త్రోసివేయుదుము. రెండవ పాట బాగుండగానే అతనిని పీఠముమీద కూర్చుండబెట్టుదుము. చూచుటకు ఈ రెండును వేరు. లోపల రెండును ఒక్కటే. రెండు చోట్లను మనము పాటను చూచితిమి, పాడినవానిని చూడలేదు.

బర్నబా ఇట్లు చేయలేదు. మార్కు అను యోహాను పంఫూలియలో పనిని విడిచి వెనుకకు పోయినవాడు. అతని మొదటి ప్రయాణము ఏ విధముగా చూచినను మెచ్చదగినది కాదు. పౌలు అతనిని మరల వెంటబెట్టుకొనుటకు ఒప్పుకొనలేదు. ఆ కారణముచేత ఇద్దరు గొప్ప సేవకులు విడిపోయిరి. బర్నబా మార్కును పొగడలేదు, దండింపలేదు. తనతోకూడ ఓడ ఎక్కించుకొనిపోయెను, అంతే. ఏండ్లు గడిచిన పిమ్మట, చెరసాలలోనున్న పౌలు ఆ మార్కునే తనయొద్దకు తీసికొని రమ్మని వ్రాసెను. నడుమనున్న ఏండ్లలో ఎవరో ఒకరు మార్కు ప్రక్కన నడుచుచుండిరని మనము ఎరుగవలెను.

మన సంఘములలో నేడు యౌవనస్థులు కీబోర్డులు, డ్రమ్ములు, గిటార్లు తెచ్చుకొని కూర్చుండుచున్నారు. చిన్న ఊరి సంఘములో కూడ ఒక మూలను అవి కనబడుచున్నవి. వారు తమ మొదటి పాటను రికార్డు చేసి సెల్‌ఫోనులో మీకు వినిపింపవచ్చును. అది బాగుండకపోవచ్చును. తాళము తప్పవచ్చును, మాట వినబడకపోవచ్చును, మోత అధికము కావచ్చును. అప్పుడు మీరు ఏమి చేయుదురు?

మొదట, పాట చివరవరకు వినుడి. నడుమ లేచిపోకుడి. రెండవది, నిజము చెప్పుడి. అయితే తప్పు ఎక్కడ ఉన్నదో అక్కడ మాత్రమే చూపుడి. “తాళము ఇచ్చట జారినది” అని చెప్పిన అతడు దిద్దుకొనును. “నీకు రాదు” అని చెప్పిన అతడు దిద్దుకొనుటకు ఏమియు లేదు. మూడవది, ఆ పాటలో అతడు దేనిని గూర్చి మొర పెట్టుచున్నాడో అడుగుడి. బహుశా పరీక్ష తప్పిన సంగతి ఉండును. ఇంటిలో తండ్రి త్రాగి వచ్చు సంగతి ఉండును. పని దొరకని సంగతి ఉండును. అది తెలిసిన పిమ్మట పాటను గూర్చిన మీ తీర్పు ఎంత చిన్నదో మీకే తెలియును. నాలుగవది, అతడు ఒకనాడు చక్కగా పాడి నలుగురు మెచ్చుకొనినప్పుడు, ఆ సాయంకాలము అతని యింటికి పోయి, మొదటి దినమున అడిగిన ప్రశ్ననే మరల అడుగుడి: “బాబూ, నీవు ఎట్లున్నావు?” పేరు వచ్చినవానిని ఈ ప్రశ్న అడుగువారు లోకములో చాల తక్కువ.

అండర్‌ఓత్ వారి మొదటి రికార్డు గొప్పది కాదని చెప్పితిని. ఆ మాటను మార్చుకొనను. అయినను వారి చరిత్రలో నాకు మిక్కిలి విలువైన ఘడియ 98,000 ప్రతులు పోయిన వారము కాదు. ఎవరును కోరని ఒక రికార్డును ఒక చిన్న సంస్థ అచ్చువేసి, అది అంతగా పోకపోయినను, మరుసటి ఏట అదే తేదీన అదే పిల్లల చేతికి రెండవ రికార్డును ఇచ్చిన ఘడియ విలువైనది. అట్టివారు వారి వెంట చివరవరకు ఉండిన కథ మరియొక రీతిగా నడిచియుండునా అని నేను చెప్పజాలను. మన బిడ్డల కథ మాత్రము ఇంకను వ్రాయబడుచున్నది. వారి ప్రక్కన నడుచుట ఇంకను మన చేతిలోనే ఉన్నది.

అల్పమైన ఆరంభమును చూచి నవ్వని కన్నును, కేకలోని ఏడ్పును గుర్తుపట్టగల చెవిని ప్రభువు మనకందరికి దయచేయును గాక.